వర్ణన వ్యాసం: మన బీచ్ మీద రాస్తే మన బీచ్‌లా ఎందుకు ఉండటం లేదు?

ప్రశ్న: లాసన్స్‌బే అమ్మాయి

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా కాలేజీ వార్షిక సంచికకి 'మా ఊరి సముద్రతీరం' అనే అంశం మీద వర్ణనాత్మక వ్యాసం అడిగారు. ఆరువందల మాటలు దాటకూడదు. నేను రాసి ఇస్తే, సంచిక చూసే లెక్చరర్ చదివి, "తప్పుల్లేవమ్మా, కానీ ఇది చెన్నై మీద రాసినా సరిపోతుంది, గోవా మీద రాసినా సరిపోతుంది. మన ఊరిది రాసుకురా" అన్నారు. ఎలా మార్చాలో అడిగేలోపు బెల్ కొట్టేశారు.

నేను పుట్టి పెరిగింది ఇక్కడే, విశాఖలోనే. మా మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. అయినా కలం పట్టుకుంటే ఇలాంటివే వస్తున్నాయి. మొదటి పేరా ఇది:

"కనుచూపు మేర పరుచుకున్న నీలి సముద్రం, తెల్లని ఇసుక తిన్నెలు, ఎగిసిపడే కెరటాలు, పక్షుల కిలకిలారావాలు మనసును పులకింపజేస్తాయి. పిల్లగాలులు మేనిని తాకుతుంటే కలిగే అనుభూతి మాటల్లో చెప్పలేనిది. సాయంసంధ్య వేళ ఎర్రని సూర్యబింబం కడలి కౌగిట్లో ఒదిగిపోతుంటే ఆ దృశ్యం కన్నుల పండువగా ఉంటుంది. ప్రకృతి ఒడిలో సేదదీరాలనుకునే వారికి మా విశాఖ తీరం భూతల స్వర్గం."

వర్ణన అంటే మంచి మంచి విశేషణాలు, ఉపమానాలు వాడాలనే స్కూల్లో చెప్పారు. ఇంకేం చెయ్యాలి? ఏ వరుసలో రాయాలి? కుర్సురా సబ్‌మెరైన్ చరిత్ర లాంటివి ఎంతవరకు పెట్టొచ్చు? వచ్చే సోమవారంలోగా ఇవ్వాలి, కొంచెం టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు: పెదవాల్తేరు మాస్టారు

అమ్మా, నీ పేరా రెండుసార్లు చదివాను. వాక్యాలు చక్కగా నడిచాయి, ఎక్కడా తడబాటు లేదు. అది చిన్న విషయమేమీ కాదు, నీ ఈడు పిల్లల్లో చాలామందికి అదే రావడం లేదు. అయితే మీ లెక్చరర్ గారి మాట మాత్రం నిజం. నేను మున్సిపల్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇలాంటి వ్యాసాలు కట్టలు కట్టలు దిద్దాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ సూర్యబింబం సంగతి. మన సముద్రం తూర్పున ఉంది తల్లీ. మన ఊళ్ళో సూర్యుడు నీళ్ళలోంచి పైకి వస్తాడు, ఊరి వెనక కొండల వైపు దిగిపోతాడు. ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రంలో సూర్యాస్తమయం చూడటం ఎవరివల్లా కాదు. మరి ఆ వాక్యం నీ కలంలోకి ఎలా వచ్చింది? పడమటి తీరం మీద ఎవరో ఎప్పుడో రాసినది పుస్తకాల్లోంచి, గైడ్లలోంచి చేతులు మారి నీ దాకా వచ్చింది. రోజూ మేడ మీద నుంచి సముద్రాన్ని చూసే పిల్లకి కూడా రాయడానికి కూర్చునేసరికి ఆ అరువు సముద్రమే గుర్తొస్తోందంటే నాకు మనసు కష్టంగా ఉంది. ఇందులో నీ తప్పేం లేదు. మేం చెప్పిన తీరే అలా ఉంది.

సాయంత్రం మన బీచ్‌లో నిజంగా ఏం జరుగుతుందో ఈసారి వెళ్ళినప్పుడు చూడు. బీచ్ రోడ్డు మీది మేడల నీడలు ముందు ఇసుక మీదికి వస్తాయి. మెల్లగా నీళ్ళ అంచు దాకా సాగుతాయి. మనం కూర్చున్న చోట ఎండ పోతుంది, కానీ దూరంగా లంగరేసిన ఓడల మీద ఇంకా ఉంటుంది. నీడలో కూర్చుని ఎండలో ఉన్న ఓడల్ని చూస్తాం. పౌర్ణమి నాడైతే ఇటు పొద్దు దిగుతుండగానే అటు సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. ఇది గోవా మీద రాస్తే సరిపోదు. మీ లెక్చరర్ గారు అడిగింది ఇదే.

అలాగే 'తెల్లని ఇసుక'. మన ఇసుక తెల్లగా ఎక్కడుంది? గోధుమ రంగులో ఉంటుంది, అల వెనక్కి పోయినచోట నల్లటి చారలు మిగులుతాయి. అవి మురికి కాదు, ఇల్మనైట్ అనే ఖనిజం. చేతిలోకి తీసుకుని ఎండకి పెడితే అక్కడక్కడా ఎర్రటి రేణువులు మెరుస్తాయి, అవి గార్నెట్. ఇక్కడి నుంచి భీమిలి దాకా తీరం పొడవునా ఈ బరువు ఖనిజాలు ఉన్నాయి. వ్యాసంలో వాటి పేర్లు రాయాలని కాదు నా ఉద్దేశం. నల్లటి చారలు కనపడితే చాలు. 'పక్షుల కిలకిలారావాలు' కూడా ఒకసారి చెవిపెట్టి విను. నాకు వినపడేవి కాకులు.

నువ్వు అడిగిన విశేషణాల మాటకి వస్తాను. 'అందమైన', 'ఆహ్లాదకరమైన', 'కన్నుల పండువైన' అన్నవన్నీ నీ అభిప్రాయాలు. చదివేవాడు నీ అభిప్రాయం నమ్మాలంటే అతనికి ఆ వస్తువు కనపడాలి. కనపడితే అందంగా ఉందో లేదో అతనే అనుకుంటాడు. 'మాటల్లో చెప్పలేనిది' అనేదాన్ని మాత్రం పూర్తిగా మానెయ్యి. మాటల్లో చెప్పడానికే కదా మనం కూర్చున్నది.

పదో తరగతిలో స్వభావోక్తి అలంకారం చదివే ఉంటావు. ఉన్నది ఉన్నట్టుగా, మనోహరంగా వర్ణించడం. చెవులు నిక్కించి బెదురు చూపులు చూసే జింకల ఉదాహరణ రాసి మార్కులు తెచ్చుకుని అందరూ మర్చిపోతారు. కానీ సంస్కృత ఆలంకారికుడు దండి అలంకారాలు చెబుతూ మొట్టమొదట చెప్పింది స్వభావోక్తినే. ఉపమ, రూపకం అన్నీ దాని తర్వాతే. నాకు అది చాలా ముఖ్యమైన విషయంగా కనిపిస్తుంది. మన ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలని ఉండేవి: పురం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం ఇలా. ప్రతి కవీ సముద్రాన్ని వర్ణించాల్సిందే కాబట్టి, సముద్రాన్ని ఎన్నడూ చూడనివాడు కూడా సంప్రదాయం ప్రకారం వర్ణించగలిగేవాడు. వాళ్ళ ప్రతిభ వేరు, వాళ్ళ శ్రోతలు వేరు. నువ్వు రాసేది నీ క్లాసు పిల్లలు చదువుతారు, వాళ్ళు ఆదివారం ఆ బీచ్‌కే వెళ్ళొస్తారు.

నేను ఏదైనా ఒక్క చిన్న పని దగ్గర నిలబడి చూసి రాయమంటాను. ఉదాహరణకి మురీ మిక్స్చర్ (మరమరాల) బండి:

"అతను సత్తు గిన్నెలో రెండు గుప్పిళ్ళు మురీలు వేశాడు. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిరప ముక్కలు ముందే తరిగి వేరువేరు డబ్బాల్లో పెట్టుకున్నాడు. చెయ్యి వాటి మీదికి చూడకుండానే వెళుతోంది. పైన వేరుశెనగ గుళ్ళు, చిటికెడు ఉప్పూకారం, సగం నిమ్మచెక్క. గరిటె గిన్నె అంచుకి తగిలేలా టకటకా కలిపాడు. ఆ చప్పుడుకి రోడ్డు దాటుతున్న ఇద్దరు పిల్లలు ఆగి వాళ్ళ నాన్న వైపు చూశారు. పాత నోట్సు కాగితం పొట్లం చుట్టి అందులో పోసి, చెంచాకి బదులు అట్టముక్క గుచ్చి ఇచ్చాడు. పై మురీలు రెండు గాలికెగిరి కింద పడ్డాయి. కాకి అప్పటికే అక్కడ ఉంది."

ఇందులో 'రుచికరమైన' అన్న మాట లేదు, 'నోరూరించే' లేదు. క్రియలే పని చేశాయి. వేశాడు, కలిపాడు, ఆగారు, చుట్టాడు, గుచ్చాడు. పిల్లలు ఆగి నాన్న వైపు చూశారంటే వాళ్ళకేం కావాలో చదివేవాడికి తెలిసిపోతుంది.

నీ ఆరువందల మాటల్లో ఇలాంటివి ఎన్ని పడతాయి? మహా అయితే మూడు. కాబట్టి ఏది ఉంచాలో, ఏది వదలాలో ముందే తేల్చుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పిపోతారు. బీచ్‌లో గుర్రాలున్నాయి, బెలూన్లు పేల్చే ఆట ఉంది, గవ్వల దండలున్నాయి, మొక్కజొన్న పొత్తులున్నాయి, కైలాసగిరి ఉంది, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ ఉంది. అన్నీ చెబితే జాబితా అవుతుంది. నిన్ను నువ్వు అడుగు: ఈ తీరం గురించి నాకు బలంగా అనిపించేది ఏమిటి? అది సందడా, ఒంటరితనమా, భయమా, తీరికా? ఒక్కదాన్ని ఎంచుకుని, దానికి సాయపడే వివరాలే తీసుకో. భయం గురించి రాస్తే గుర్రాలు అక్కరలేదు, లోపలికి లాగే అలలు, ఈతకి దిగొద్దన్న హెచ్చరిక బోర్డు, పిల్లవాడి మణికట్టు వదలని తల్లి చెయ్యి కావాలి. తీరిక గురించి రాస్తే పొత్తుల బండి దగ్గర విసనకర్ర విసిరే ముసలమ్మ కావాలి. బీచ్ ఒకటే, వ్యాసాలు రెండు.

వరుస గురించి అడిగావు. నువ్వు ఎక్కడ నిలబడ్డావో ముందు తేల్చుకో. నీ పేరాలో కళ్ళు ఒకసారి ఆకాశంలో ఉన్నాయి, ఒకసారి ఇసుకలో, ఇంతలో సాయంత్రమైపోయింది. రోడ్డు నుంచి నీళ్ళ దాకా నడుస్తూ చెప్పొచ్చు. ఒకేచోట కూర్చుని, అయిదింటి నుంచి దీపాలు వెలిగేదాకా ఏం మారిందో చెప్పొచ్చు. రెండూ మంచివే. కలిపితే చదివేవాడు దారి తప్పుతాడు.

కుర్సురా విషయం. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002 నుంచి మ్యూజియం, పొడవు 91 మీటర్లు. ఇవన్నీ సమాచారం. సమాచారం చెడ్డదేం కాదు, కానీ పేర్చి పెడితే వర్ణన ఆగిపోతుంది. లోపలికి వెళ్ళావు కదా? ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారం గుండా నడుం వంచి, ముందు ఒక కాలు పెట్టి దాటాలి. పడకలు ఒకదాని మీద ఒకటి. ఇందులో డెబ్బై మందికి పైగా మనుషులు ఉండేవారు అన్న సంగతి నువ్వు వంగి దాటుతున్నప్పుడు చెబితే చదివేవాడికి ఊపిరి ఆడదు. అదే సంగతి మొదటి పేరాలో చెబితే బోర్డు చదివినట్టే ఉంటుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదే తీరం దాటింది. నీకు అప్పటికి ఊహ తెలిసే ఉంటుంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల కోసం, నీళ్ళ కోసం క్యూలు. స్కూలు తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లల్ని తుఫాను గురించి రాయమన్నాను. ఏ సూచనలూ ఇవ్వలేదు. అప్పటిదాకా 'ప్రకృతి మాత పచ్చని చీర' అని రాసిన పిల్లలే ఆ రోజు వేరేగా రాశారు. ఒకమ్మాయి వాళ్ళ వీధి వేపచెట్టుకి ఒక్క ఆకు కూడా లేకపోవడంతో, ఇన్నాళ్ళూ కనపడని అవతలి వీధి మేడలు ఇంట్లోంచి కనపడుతున్నాయని రాసింది. ఒకడు రాత్రంతా తలుపుకి మంచం అడ్డం పెట్టి, దాన్ని నాన్న వీపుతో ఆపుతూ కూర్చున్నాడని రాశాడు. ఇంకొకడు కిటికీ రెక్క కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే అరపేజీ రాశాడు, ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, ఆగాక ఎవరూ మాట్లాడకపోవడం. ఒక్కరూ 'బీభత్సమైన', 'భయానకమైన' అని రాయలేదు. వాళ్ళకి చెప్పవలసింది ఉంది, అందుకే అరువు మాటలు అక్కరలేకపోయాయి. ఆ నోట్సులు దిద్దడానికి నాకు చాలాసేపు పట్టింది, ఎర్రసిరా పెట్టబుద్ధి కాలేదు.

నీకూ ఆ సముద్రం గురించి చెప్పవలసింది ఉండే ఉంటుంది. అది ఏమిటో ఇక్కడ ఒక్క ముక్కలో రాయి, తర్వాత పేరా రాద్దువుగాని.

జవాబు: సీతమ్మధార టీచర్

మాస్టారికి నమస్కారం. మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, కానీ ఒక మాట. ఈ చర్చ పరీక్షలు రాసే పిల్లలు కూడా చదువుతారు. పరీక్షలో పేపర్లు దిద్దేవాళ్ళకి ఒక్కో వ్యాసం మీద పెట్టడానికి నిమిషాలే ఉంటాయి. ఉపోద్ఘాతం, విషయ విస్తరణ, ముగింపు కళ్ళకి కనపడేలా లేకపోతే మార్కులు పోతాయి. మురీ మిక్స్చర్ బండితో మొదలుపెడితే అంశం నుంచి పక్కకి పోయాడని కొట్టేసేవాళ్ళూ ఉన్నారు. అందుకే నేను మా పిల్లలకి చెప్పేది: మొదటి రెండు వాక్యాల్లో ఏ చోటు, ఏ వేళ అన్నది సూటిగా చెప్పండి. ఒక్కో పేరా ఒక్కో చోటికి ఇవ్వండి. కంటికి కనపడేదే కాకుండా చెవికి, ముక్కుకి, చర్మానికి తెలిసేది ప్రతి పేరాలో ఒక్కటైనా ఉండాలి. ఇది యాంత్రికంగా ఉంటుందని నాకూ తెలుసు, కానీ భయపడే పిల్లలకి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ.

లాసన్స్‌బే అమ్మాయీ, నీది పరీక్ష కాదు, సంచిక. కాబట్టి నువ్వు మాస్టారి మాటే విను.

జవాబు: పెదవాల్తేరు మాస్టారు

టీచరమ్మా, భయపడే పిల్లల గురించి మీరన్నది సరైన మాట. చోటు, వేళ ముందే చెప్పడం సంచిక వ్యాసానికి కూడా మంచిదే. నేను ఒప్పుకోనిది ప్రతి పేరాలో చెవికో ముక్కుకో తెలిసేది ఒక్కటైనా ఉండాలన్న లెక్క. వాసన లేనిచోట వాసన కల్పిస్తారు పిల్లలు. వచ్చినప్పుడే రానివ్వాలి.

జవాబు: జాలారిపేట తమ్ముడు

మాది పెదజాలారిపేట. నాన్న ఫైబర్ బోటు మీద వేటకెళతారు, నేను పోర్టులో పని చేస్తున్నా. చెల్లెమ్మా, నీ పేరాలో సముద్రం ఉంది, గాలి ఉంది, సూర్యుడు ఉన్నాడు, మనిషి ఒక్కడూ లేడు. అదే నాకు వెలితిగా అనిపించింది. నువ్వు లాసన్స్‌బేలో ఉంటే మా పేట నీకు నడిచే దూరం. పొద్దున్నే ఒకసారి రా.

బోట్లు ఒడ్డుకి వచ్చాక నలుగురైదుగురు భుజం ఆనించి ఇసుక మీదికి తోస్తారు. తర్వాత వల దులపడం. చేప తల వలకన్నులో ఇరుక్కుని ఉంటుంది, లాగితే తెగిపోతుంది, అందుకని మొప్పల దగ్గర వేలు పెట్టి తిప్పి తియ్యాలి. అమ్మ, పిన్నులు సత్తు బేసిన్లు పక్కన పెట్టుకుని అక్కడే వేలంపాట పాడేస్తారు. ఎంత గట్టిగా అరుచుకున్నా అది దెబ్బలాట కాదు, బేరం. కానాగంత అప్పుడే తీసింది చూడు, వీపు మీద ఆకుపచ్చా నీలం కలిసిన రంగు, దాని మీద నల్లటి గీతలు. ఎండ తగిలి ఆరేకొద్దీ ఆ రంగు పోతుంది. మీరు మార్కెట్లో చూసేది ఆ రంగు పోయిన చేపనే. ఊళ్ళోవాళ్ళు చేపల కంపు అంటారు గానీ, తాజా చేపకి కంపు ఉండదు. అక్కడ వచ్చేది డీజిల్ వాసన, తడి తాడు వాసన. కంపు మధ్యాహ్నం వస్తుంది.

నెల కూడా చూసుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌కి వెళితే బోట్లు పక్కపక్కనే కట్టేసి ఉంటాయి, పైన మనుషులు రంగులు వేస్తుంటారు, నీడ చూసుకుని వలలు కుట్టుకుంటుంటారు. మే నెలలో బోట్లు చేపలతో వస్తున్నాయని ఎవరైనా రాస్తే మా పేటలో చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. అలలు కూడా అంతే, ఏడాదంతా ఎగిసిపడవు. వానాకాలంలో ఒడ్డు కోసుకుపోతుంది, సంక్రాంతి దాటాక నీళ్ళు నెమ్మదిస్తాయి, ఇసుక మళ్ళీ మేట వేస్తుంది.

జవాబు: మద్దిలపాలెం శ్రోత

నాకు చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తే ఈ చర్చ వింటున్నాను. టీచర్ గారూ మాస్టారూ ఇంద్రియాల గురించి మాట్లాడుకున్నారు కాబట్టి నా వైపు నుంచి కూడా చెబుతాను. 'నీలి సముద్రం' అంటే నాకు ఏమీ అందదు. కాళీమాత గుడి దగ్గర నుంచి కుర్సురా వైపు నడిచేటప్పుడు నా ఎడమ చెవిలో ఆటోలు, కుడి చెవిలో అలలు. కుడి వైపు నుంచి జనం మాటలు పెరిగితే అలల చప్పుడు దాని వెనక్కి పోతుంది. దాన్నిబట్టి అక్కడ ఇసుకలో ఎంతమంది కూర్చున్నారో నాకు అందాజుగా తెలుస్తుంది. గాలికి పెదవుల మీద ఉప్పు తగులుతుంది. పొత్తులు కాల్చేచోట ముందు బొగ్గుల వేడి మోకాళ్ళకి తగిలి, తర్వాత వాసన వస్తుంది. చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో, దగ్గరో దూరమో రాస్తే నాలాంటివాళ్ళకి ఆ చోటు అందుతుంది. చూపున్నవాళ్ళకి కూడా అందుతుందనే అనుకుంటున్నా.

ప్రశ్న అడిగినవారు: లాసన్స్‌బే అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారూ, మీరు అడిగిన ఒక్క ముక్క: సాయంత్రం బీచ్ పని నుంచి వచ్చినవాళ్ళది. టూరిస్టులని కాదు, రోజంతా నిలబడి పనిచేసి ఇంటికి వెళ్ళేముందు కాసేపు ఆగేవాళ్ళు. నాకు ఎప్పుడూ వాళ్ళే కనిపిస్తారు. అన్నా, మీ పేటకి తప్పకుండా వస్తాను, కానీ అది ఇంకో వ్యాసం అవుతుందేమో. నిన్న ఆర్కే బీచ్ మెట్ల మీద కూర్చుని ఇది రాశాను:

"సాయంత్రం అయిదున్నరకి కాళీమాత గుడి ఎదురుగా మెట్ల మీద జాగా దొరకడం కష్టం. మేడల నీడ అప్పుడే ఇసుకని దాటి నీళ్ళని తాకింది. దూరంగా నాలుగు ఓడల మీద ఇంకా ఎండ ఉంది. నా పక్కన ముగ్గురు అమ్మాయిలు ఒకే రంగు చీరల్లో వచ్చి కూర్చున్నారు. బట్టల షాపు యూనిఫాం. ఒకమ్మాయి చెప్పులు విప్పింది. పట్టీలు నొక్కుకున్నచోట పాదం మీద రెండు గీతలు ఎర్రగా ఉన్నాయి. బొటనవేలితో ఆ గీతల్ని రుద్దుకుంటూ ఎవరో కస్టమర్ నలభై చీరలు తీయించి ఒక్కటీ కొనలేదని చెబుతోంది. మిగతా ఇద్దరూ వింటూనే లేచి నీళ్ళలోకి నడిచారు, చీలమండల దాకా దిగి ఆగారు. అల వెనక్కి పోతుంటే కాటుక కరిగినట్టు ఇసుక మీద నల్లటి చారలు మిగిలాయి. వెనక రోడ్డు మీద ఆటోవాళ్ళు కాంప్లెక్స్, కాంప్లెక్స్ అని అరుస్తున్నారు. ముగ్గురూ తిరిగి చూడలేదు. కష్టజీవులకి సముద్రమే నిజమైన తల్లి అని నాకు అప్పుడు అర్థమైంది. ఫోన్ మోగితే మూడో అమ్మాయి, 'దారిలో ఉన్నానమ్మా' అంది."

ఎలా ఉంది మాస్టారూ? కాటుక పోలిక ఉంచనా, తీసెయ్యనా? ముగింపు ఎలా ఇవ్వాలో కూడా తెలియడం లేదు.

జవాబు: పెదవాల్తేరు మాస్టారు

చాలా బాగుంది తల్లీ. చెప్పుల గీతలు చదివి కాసేపు ఆగిపోయాను. కాటుక ఉంచు. అది మన ఇసుకకే చెందిన పోలిక, ఆడపిల్లల మధ్య కూర్చుని చూసినది కాబట్టి అక్కడే పుట్టింది. వ్యాసం మొత్తానికి ఆ ఒక్కటి చాలు, ఇంకొకటి వెతక్కు.

'కష్టజీవులకి సముద్రమే నిజమైన తల్లి' అన్న వాక్యం కొట్టెయ్యి. నువ్వు చూపించినది సరిపోక మళ్ళీ చెప్పినట్టుంది. అది తీసేసి చదువు, 'తిరిగి చూడలేదు' తర్వాత వెంటనే ఫోన్ మోగుతుంది. ఆ అమ్మాయి బీచ్‌లో కూర్చుని ఇంటికి 'దారిలో ఉన్నా' అని చెప్పడంలో నువ్వు చెప్పాలనుకున్నదంతా ఉంది.

'నాలుగు ఓడలు' నిజంగా లెక్కపెట్టావా? లెక్కపెడితే ఉంచు, లేకపోతే 'ఓడలు' అను. 'నలభై చీరలు' ఆ అమ్మాయి నోటి మాట కాబట్టి ఇబ్బంది లేదు. ఆటోలు ఏ వైపు నుంచి అరుస్తున్నాయో రాశావు, మద్దిలపాలెం బాబు చెప్పింది పట్టుకున్నావు.

ముగింపు గురించి ఇప్పుడే ఆలోచించకు. దీపాలు వెలిగేదాకా అక్కడే కూర్చో. ఆ ముగ్గురూ లేచి వెళ్ళాక ఆ మెట్ల మీదికి ఎవరు వచ్చి కూర్చుంటారో రాయి. మిగతా పేరాలు రాశాక ఇక్కడే పెట్టు, ఆదివారం మధ్యాహ్నంలోగా పెడితే చూసి చెబుతాను.